పోల్డార్క్ పన్నెండు నవలలు: గని లెక్క పట్టుకుని చదివితేనే రుచి

పన్నెండు పుస్తకాల సెట్ ఒకేసారి కొనెయ్యకండి. ముందు నాలుగు చాలు. ఇంగ్లీషు రచయిత విన్‌స్టన్ గ్రాహం ఈ నవలల్ని 1945లో మొదలుపెట్టి 2002లో ముగించాడు. మధ్యలో, 1953 నుంచి 1973 దాకా, పోల్డార్క్ కుటుంబం జోలికే వెళ్లలేదు. అందుకే నాలుగో నవల చివర అసలు సిసలు ముగింపే ఉంటుంది. ‘మిగతాది తర్వాతి భాగంలో’ అని ఊరించి వదిలెయ్యడు. అక్కడికి చేరాక ఇంకా కావాలనిపిస్తే తర్వాతి మూడు, ఆ పైన చివరి అయిదు. నాలుగు, మూడు, అయిదు. ఈ విడతల్లో తెచ్చుకుంటే ఎక్కడ ఆపినా సగంలో వదిలేశామన్న వెలితి ఉండదు.

కథ జరిగేది ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో, 1783 నుంచి 1820 వరకు. అమెరికాలో ఇంగ్లండ్ తరఫున యుద్ధం చేసి, గాయపడి, రాస్ పోల్డార్క్ ఇంటికొస్తాడు. వచ్చేసరికి తండ్రి పోయాడు. నంపారాలోని ఇల్లు పాడుబడింది, గని మూతపడింది. మనసిచ్చిన ఎలిజబెత్‌కి పెదనాన్న కొడుకు ఫ్రాన్సిస్‌తో పెళ్లి కుదిరింది. అలాంటి రోజుల్లో రెడ్రూత్ సంతలో దెబ్బలు తింటున్న పదమూడేళ్ల పిల్లని, ఆమె కుక్కతో సహా, ఇంట్లో పనికి తెచ్చుకుంటాడు. ఆ పిల్లే డెమెల్జా. ఈ పన్నెండు పుస్తకాల బరువు మోసేది ఆమే.

ఈ నాలుగు ముక్కలు విని ప్రేమకథ అనుకుని తెరిచేవాళ్లు చాలామంది రెండో పుస్తకం మధ్యలో చతికిలపడతారు. కారణం ఒక్కటే: గని గురించి, అప్పుల గురించి, చీటీల మీద వేలం గురించి వచ్చే పేజీల్ని గబగబా తిప్పేస్తారు. తిప్పేశాక, ఫలానా మనిషి ఎందుకు కుంగిపోయాడో, ఫలానా స్నేహం ఎందుకు చెడిందో అర్థం కాదు. ఈ సిరీస్‌లో పెళ్లిళ్లనీ పగల్నీ నడిపేది రాగి ధర. దాని లెక్క ముందే తెలిసి ఉంటే సగం కష్టం తీరినట్టే. కాబట్టి అది కాస్త వివరంగా.

కార్న్‌వాల్‌లో రాగి ఉంది, తగరం ఉంది, బొగ్గు మాత్రం లేదు. రాగి ఖనిజాన్ని కరిగించాలంటే దాని బరువుని మించిన బొగ్గు కావాలి. బొగ్గుని ఖనిజం దగ్గరికి తేవడం కంటే ఖనిజాన్నే బొగ్గు దగ్గరికి పంపడం చవక. అందుకని ఓడల్లో సౌత్ వేల్స్‌లోని స్వాన్‌సీ కొలుములకి పంపేవాళ్లు. తిరుగు ప్రయాణంలో అవే ఓడలు గనుల్లో నీళ్లు తోడే ఇంజన్లకి బొగ్గు తెచ్చేవి. అంటే గని నడిపేవాడు ఎప్పుడూ రెండు ధరల మధ్య నలుగుతుంటాడు: తాను అమ్మే రాగి ధర, తాను కొనే బొగ్గు ధర. లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు ఊరుతాయి, ఇంజన్ ఎక్కువసేపు ఆడాలి. తోడే ఖర్చు రాగి మీద వచ్చేదాన్ని దాటిందంటే గని మూతే. ఇంజన్ ఆపితే నీళ్లు నిండిపోతాయి. మళ్లీ తెరవాలంటే మళ్లీ మొదటి నుంచీ పెట్టుబడి. గ్రాంబ్లర్ గని గొడవ వచ్చినప్పుడు పాత్రలన్నీ ఎందుకలా వణికిపోతాయో ఇప్పుడు తెలుస్తుంది. మూతపడటం అంటే తాత్కాలికంగా తాళం వెయ్యడం కాదు, ఒక ఊరి బతుకుని నీళ్లలో ముంచడం.

ఇక అమ్మకం. దీన్ని టికెటింగ్ అంటారు. కరిగించే కంపెనీల ఏజెంట్లు ఒకచోట కూర్చుని, ఒక్కో ఖనిజం కుప్పకి తాము ఇచ్చే ధరని చీటీ మీద రాసి ఇస్తారు. ఎక్కువ రాసినవాడికి సరుకు. పైకి చూస్తే ఇంతకంటే న్యాయం ఏముంటుంది అనిపిస్తుంది. కానీ కొనేవాళ్లు కొద్దిమందే, రాత్రే మాట్లాడుకుని వస్తే అమ్మేవాడు చేసేదేమీ లేదు. దీనికి తోడు 1780ల్లో వేల్స్‌లోని ఆంగ్లసీ దీవిలో ప్యారిస్ మౌంటెన్ గని నుంచి చవక రాగి వచ్చిపడి ధరని ఇంకా దిగలాగింది. ఆ దెబ్బకి 1785లో కార్న్‌వాల్ గనుల వాళ్లు నిజంగానే కార్నిష్ మెటల్ కంపెనీ అని ఒకటి పెట్టుకున్నారు. రెండో నవల ‘డెమెల్జా’లో రాస్ కొంతమందిని కూడగట్టి కార్న్‌మోర్ కాపర్ కంపెనీ మొదలుపెట్టడం వెనక ఉన్న కాలం ఇదే. కొనేవాళ్ల కుమ్మక్కుని బద్దలుకొట్టాలంటే తామే కొని, తామే కరిగించాలి. దానికి డబ్బు కావాలి, భాగస్వాములు కావాలి, ఆ భాగస్వాముల పేర్లు బయటికి పొక్కకూడదు. ఎందుకంటే వాళ్లలో చాలామందికి ఎక్కడో ఒకచోట రాస్‌కి శత్రువులైన వార్లెగ్గన్ల బ్యాంకులో అప్పుంది.

వార్లెగ్గన్ల కథంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. బ్యాంకు వాళ్లది, కరిగించే వ్యాపారంలో చెయ్యి వాళ్లది. ఎవరి ప్రామిసరీ నోటు ఎవరి దగ్గరుందో వాళ్లకి తెలుసు. ఆ కాలంలో ప్రామిసరీ నోటు చేతులు మారేది. మీరు ఒకరి దగ్గర అప్పు చేస్తారు, తెల్లారేసరికి మీ కాగితం మీ శత్రువు బీరువాలో ఉంటుంది. రాస్ ఒక దశలో వెయ్యి పౌన్లకి ఏడాదికి నలభై శాతం వడ్డీ కట్టే స్థితికి వస్తాడు. అంటే ఏటా నాలుగు వందలు. అసలు తీరకుండానే మూడేళ్లలో అసలుకి మించి వడ్డీ. ఈ అంకె కనబడిన చోట పుస్తకం మూసి రెండు నిమిషాలు ఆలోచించండి. ఆ తర్వాత అతను చేసే మూర్ఖపు పనులు మూర్ఖంగా కనబడవు. కనీసం కొన్ని.

డబ్బు లెక్కలు రాని పాఠకులకి చిన్న చిట్టా: పౌనుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, గినీ అంటే 21 షిల్లింగులు. గనిలో ‘అడ్వెంచరర్లు’ అని కనబడితే సాహసికులు కారు, వాటాదారులు. లాభం వస్తే పంచుకుంటారు, నష్టం వస్తే చేతి నుంచి పెట్టాలి. వాటా అమ్మేసుకుని బయటపడటమో మునగడమో తప్ప మధ్యేమార్గం లేదు. కార్మికుల్లోనూ రెండు రకాలు. ట్రిబ్యూటర్ తాను తవ్విన ఖనిజం విలువలో పౌనుకి ఇన్ని షిల్లింగులు తనకని పాడుకుంటాడు, ఆ గట్టు మంచిదైతే పండగ, కాకపోతే పస్తు. టట్‌వర్కర్‌కి ఇంత లోతు తవ్వితే ఇంత అని లెక్క. ఇక ‘కెప్టెన్’. రాస్ సైన్యంలో కెప్టెన్, బ్లేమీ ఓడ కెప్టెన్, హెన్షా గని కెప్టెన్, అంటే గని పనులు చూసే మేనేజర్. ముగ్గురూ ఒకే పేజీలో కనిపించే రోజు వస్తుంది కాబట్టి ముందే అనుకుని ఉండటం మంచిది. ‘వీల్’ అని మొదలయ్యే పేర్లన్నీ గనులు. వీల్ లెజర్ ఒకటి, వీల్ గ్రేస్ ఇంకొకటి. మొదటి పుస్తకంలో తెరిచేది లెజర్, నాలుగోదాన్ని నడిపేది గ్రేస్. రెండిటినీ కలిపేసుకుంటే నాలుగో పుస్తకంలో ఉత్కంఠ అంతా గాలికి పోతుంది.

సరే, పుస్తకాలు. మొదటిది ‘రాస్ పోల్డార్క్’, 1783 నుంచి 1787 వరకు. దీనిలో మూడు భాగాలు. మొదటి భాగం 1785 ఏప్రిల్‌లో ఆగుతుంది, రెండోది 1787 ఏప్రిల్‌లో తెరుచుకుంటుంది. ఆ రెండేళ్ల ఖాళీని గమనించకుండా ముందుకి వెళ్తే డెమెల్జా రాత్రికి రాత్రే పెద్దదైపోయినట్టు, పెళ్లి వింతగా తొందరపడినట్టు అనిపిస్తుంది. ప్రతి భాగం తలమీదా తేదీలున్నాయి, చూసుకోండి. ఈ పుస్తకం నెమ్మదిగా సాగుతుందన్నది అందరూ చేసే ఫిర్యాదు, అందులో కొంత నిజముంది. మొదటి భాగంలో పనివాళ్లు, కౌలుదార్లు, పక్క ఎస్టేట్ల దొరలు ఒకేసారి మీద పడతారు. జడ్, ప్రూడీ అనే తాగుబోతు జంట మాట్లాడే కార్నిష్ యాస ఇంగ్లీషు చదవడం బాగా అలవాటున్నవాళ్లని కూడా తడబడేలా చేస్తుంది. ఆ యాసని కళ్లతో చదవకుండా పైకి చదవండి, సగం పదాలు చెవికి వాటంతటవే తెలిసిపోతాయి. జడ్ సణుగుడులో కథకి అవసరమైన సమాచారం దాదాపు ఉండదు, నవ్వు మాత్రం ఉంటుంది. కాబట్టి అర్థం కాకపోయినా నష్టం లేదు.

ఈ నవలలో జిమ్ కార్టర్ అనే కుర్రాడి కేసు దగ్గర మాత్రం తొందరపడొద్దు. వేట దొంగతనానికి రెండేళ్ల జైలు. ఒక పూట తిండి కోసం చేసిన పనికి న్యాయపీఠం మీద కూర్చున్న భూస్వాములే తమ అడవి జంతువుల తరఫున తీర్పు చెప్పే వ్యవస్థ అది. పన్నెండు నవలల్లోనూ రాస్‌కి అధికారం మీదున్న కోపానికి వేరు ఇక్కడుంది.

రెండోది ‘డెమెల్జా’, 1788 నుంచి 1790. నాలుగింటిలోకీ ఇదే మేలు. బిడ్డ నామకరణానికి డెమెల్జా రెండు విందులు ఏర్పాటు చేస్తుంది: ఒక రోజు దొరల బంధువులకి, మర్నాడు తన పుట్టింటివాళ్లకీ గని కుటుంబాలకీ. పుట్టింటివాళ్లు ఒకరోజు ముందే దిగుతారు. ఆ గదిలో ఎవరు ఎవరివైపు చూస్తారో, ఎవరు నోరు జారతారో, సిగ్గుపడేది ఎవరో, సిగ్గుపడాల్సింది ఎవరో, గ్రాహం ఒక్క వ్యాఖ్యానమైనా చెయ్యకుండా రాసుకుపోతాడు. ఈ అధ్యాయం నచ్చకపోతే సిరీస్ అక్కడితో ఆపెయ్యొచ్చు, మీ అభిరుచికి ఇది కాదని తేలిపోయినట్టే. పుస్తకం చివరి వంతు చాలా బరువైనది. జ్వరాల కాలంలో, ఇంట్లో చంటిపిల్లలున్నప్పుడు చదవకపోవడమే మంచిది. అంతకంటే చెప్పను.

మూడోది ‘జెరెమీ పోల్డార్క్’. పేరు చూసి మోసపోవద్దు, ఆ జెరెమీ పుట్టేదే పుస్తకం చివర్లో. అసలు విషయం బోడ్మిన్‌లో రాస్ మీద విచారణ. అదే ఊళ్లో అదే వారం 1790 ఎన్నికలు. ఓట్లు కొనేవాళ్లూ, ప్రాణాలకోసం సాక్షుల్ని వెతుక్కునేవాళ్లూ ఒకే సత్రంలో గదుల కోసం కొట్టుకునే దృశ్యం అద్భుతంగా కుదిరింది. విచారణ అయిపోయాక మాత్రం నవల వేగం చచ్చిపోతుంది. రెండో సగం నాలుగోదానికి సరంజామా సర్దుకోవడమే. అది తెలిసి చదివితే విసుగు రాదు. వెంటనే ‘వార్లెగ్గన్’ అందుకోవాలి. ఈ రెంటి మధ్య విరామం ఇవ్వకపోవడమే మంచిది.

‘వార్లెగ్గన్’ గురించి ఒక హెచ్చరిక. 1793 మే నెలలో ఒక రాత్రి రాస్ ఎలిజబెత్ ఇంటికి వెళ్తాడు. ఆ సన్నివేశంలో ఆమె ఇష్టంతో పని లేకుండా జరిగేదాన్ని గ్రాహం సగం చెప్పి సగం వదిలాడు. 1953 నాటి రచన అనే సంజాయిషీతో దాన్ని కప్పెట్టడం కుదరదు. కథానాయకుడి మీద ప్రేమ పెంచుకున్న పాఠకులు ఇక్కడ గట్టిగా దెబ్బతింటారు. దెబ్బతినాలి కూడా. గ్రాహం తర్వాతి మూడు నవలల్లో ఆ రాత్రికి వడ్డీతో సహా వసూలు చేస్తాడు. రాస్‌ని క్షమించాలా వద్దా అన్నది పక్కన పెట్టినా, దాని పర్యవసానాల నుంచి రచయిత పారిపోలేదన్నది మాత్రం ఒప్పుకోవాలి.

జార్జ్ వార్లెగ్గన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కమ్మరి మనవడు. చుట్టూ ఉన్న దొరలకంటే డబ్బుంది, వాళ్లకంటే తెలివుంది. అయినా వాళ్లు తనని చూసే చూపులో ఆ కమ్మరి కొలిమి కనిపిస్తూనే ఉంటుందని అతని భయం. మామూలుగా ఇలాంటి సిరీసుల్లో విలన్‌ని మూడో పుస్తకానికల్లా కార్టూన్ చేసేస్తారు. ఇక్కడ అధ్యాయాలకి అధ్యాయాలు అతని తలలోంచే సాగుతాయి. ఎలిజబెత్ మీద అతనికున్న ప్రేమ నిజం, అనుమానం అంతకంటే నిజం. రాస్‌కి దయ సహజంగా వస్తుంది, ఎందుకంటే అతన్ని పుట్టుకతోనే పెద్దమనిషిగా అందరూ ఒప్పుకున్నారు. జార్జ్ ప్రతి రూపాయికీ ప్రతి నమస్కారానికీ లెక్క రాసుకోవాల్సి వచ్చింది. పన్నెండు నవలలూ పూర్తయ్యేసరికి జార్జ్ పక్షాన వాదించే పాఠకులు కూడా తయారవుతారు, వాళ్ల వాదనలో పస లేకపోలేదు.

రెండో విడత: ‘ది బ్లాక్ మూన్’, ‘ది ఫోర్ స్వాన్స్’, ‘ది యాంగ్రీ టైడ్’. 1794 నుంచి 1799 వరకు. రాసింది 1973, 1976, 1977ల్లో. ఇరవయ్యేళ్ల తర్వాత కూర్చున్న రచయిత వేరే మనిషి అన్నది పది పేజీల్లోనే తెలిసిపోతుంది. మొదటి నాలుగూ రాస్, డెమెల్జాల చుట్టూ తిరుగుతాయి. ఇక్కడి నుంచి అయిదారు దారాలు ఒకేసారి నడుస్తాయి. డెమెల్జా తమ్ముళ్లు సామ్, డ్రేక్ వస్తారు. ఎలిజబెత్ బంధువు మొర్వెన్నా, ఆమె చెల్లెలు రొవెల్లా, పాదిరీ ఆస్బోర్న్ విట్‌వర్త్ వస్తారు. పాతవాళ్లు కనబడక చికాకు పడి చాలామంది ‘బ్లాక్ మూన్’ మొదటి మూడోవంతులో ఆపేస్తారు. ఈ అయిదు పేర్లూ ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. వంద పేజీలు దాటాక ఆ చీటీ అక్కర్లేదు. పోల్డార్క్ కుటుంబపు ముసలి అగాథా అత్తకీ జార్జ్‌కీ మధ్య ఒకే ఇంట్లో నడిచే యుద్ధం ఈ పుస్తకానికి ప్రాణం. నూరో పుట్టినరోజు వేడుక గురించి చదువుతున్నప్పుడు మధ్యలో ఆపే ధైర్యం ఎవరికీ ఉండదు. డాక్టర్ డ్వైట్ ఎనిస్ చెరపడిన ఫ్రాన్స్ భాగం సాహస కథగా బాగానే ఉంది కానీ, అగాథా అత్త గదిలో ఉన్న ఉత్కంఠ దానిలో లేదు.

మొర్వెన్నా పెళ్లి గురించి మరో హెచ్చరిక. విట్‌వర్త్ మతం పేరుతో, భర్త హక్కు పేరుతో పెట్టే హింస మూడు నవలల్లోనూ కొనసాగుతుంది. దృశ్యాలు క్లుప్తంగానే ఉంటాయి, కానీ అవి మిగిల్చేది క్లుప్తం కాదు. మొత్తం సిరీస్‌లో అసహ్యం పుట్టించే పాత్ర ఏదంటే జార్జ్ పేరు ఎవరూ చెప్పరు, అందరూ ఈ పాదిరీ పేరే చెప్తారు. తిండి గురించి, చొక్కా ఇస్త్రీ గురించి అతను చేసే ఆలోచనల్ని గ్రాహం హాస్యంగా రాస్తాడు. ఆ హాస్యమే భయపెడుతుంది.

ఆరోదీ ఏడోదీ సరిగ్గా ఎక్కాలంటే రెండు చారిత్రక విషయాలు తెలియాలి. ఒకటి ఎన్నికలు. అప్పట్లో పార్లమెంటులో ఒక్క కార్న్‌వాల్‌కే 44 సీట్లు. ట్రూరో లాంటి ఊళ్లో ఓటు హక్కు ఉన్నది పాతికమంది చుట్టుపక్కల. ఆ పాతికమందినీ ఒక లార్డు మేపుతుంటాడు. ఆయన మీద ఎక్కడో ఒక చిన్న అసంతృప్తి రగిలితే సీటు చేతులు మారుతుంది. ఫాల్మత్ ప్రభువు, సర్ ఫ్రాన్సిస్ బాసెట్ నిజంగా ఉన్న మనుషులు, వాళ్ల పోటీ కూడా నిజంది. గ్రాహం కల్పిత పాత్రల్ని ఆ పోటీలో ఇరికించిన తీరు చూస్తే, చరిత్ర పరిశోధన అంటే దుస్తుల వర్ణన కాదని తెలుస్తుంది.

రెండోది బ్యాంకులు. ఊరి బ్యాంకులు సొంతంగా నోట్లు అచ్చువేసుకునేవి. భాగస్వాములు ఆరుగురికి మించకూడదన్నది చట్టం, వాళ్ల బాధ్యతకి మాత్రం హద్దు లేదు. బ్యాంకు మునిగితే ఇల్లూ వాకిలీ కూడా పోతాయి. 1797 ఫిబ్రవరిలో ఫ్రెంచివాళ్లు వేల్స్‌లోని ఫిష్‌గార్డ్ దగ్గర దిగారన్న వార్త పాకగానే జనం నోట్లు పట్టుకుని బంగారం కోసం ఎగబడ్డారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ సైతం నోటుకి బంగారం ఇవ్వడం ఆపేసింది. ఇలాంటి వాతావరణంలో ఒక పుకారు చాలు, నిజాయితీగా నడిచే చిన్న బ్యాంకు కూలిపోవడానికి. ‘యాంగ్రీ టైడ్’లో హ్యారిస్ పాస్కో బ్యాంకు మీద నడిచే దాడిని ఈ నేపథ్యంతో చదివితే ఒక్క తుపాకీ పేలకుండా అంత ఉద్రిక్తత ఎలా వచ్చిందో అర్థమవుతుంది. పన్నెండింటిలోకీ ఉత్తమమైనది ఏదంటే ఈ ఏడోదే. దాని చివరి యాభై పేజీలు నాలుగో నవలలో జరిగిన తప్పుకి ఆఖరి పద్దు. ఇక్కడ ఆపినా సిరీస్ మొత్తం చదివినట్టే.

మధ్యలో వచ్చే ‘ఫోర్ స్వాన్స్’ గురించి ఒక్క మాట: డెమెల్జా మనసు ఇంకొకరివైపు మొగ్గే పుస్తకం ఇది. పాత అభిమానుల్లో కొందరికి ఇది మింగుడుపడదు. రాస్‌కి ఒక కొలత, ఆమెకి ఇంకో కొలత ఎందుకో వాళ్లే చెప్పాలి.

ఇక చివరి అయిదు. ‘ది స్ట్రేంజర్ ఫ్రమ్ ది సీ’ 1810లో మొదలవుతుంది. అంటే ఏడో నవల తర్వాత పదేళ్లు ఎగిరిపోయాయి. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కథ జెరెమీ, క్లోవాన్స్‌ల చేతికి వెళ్తుంది. ఈ గెంతు చాలామందికి కష్టంగా ఉంటుంది. ఏడోది పూర్తి చేసిన వారమే ఎనిమిదోది తెరవడం దీనికి కారణం. కొన్ని నెలలు ఆగండి. వేరే రచయితని చదవండి. తిరిగి వచ్చేసరికి వాళ్ల ముఖాలు కొంచెం మసకబారి ఉంటాయి, అప్పుడు ఆ పదేళ్లు నిజంగా గడిచినట్టే ఉంటుంది.

ఈ విడతలో ఆవిరి ఇంజన్ల భాగం చాలా బాగుంటుంది. రిచర్డ్ ట్రెవిథిక్ 1801 క్రిస్మస్ ముందురోజున క్యాంబోర్న్‌లో ఆవిరి బండి నడిపించిన నేల అది. ఆవిరి ఇంజన్ మీద జేమ్స్ వాట్ పేటెంటు 1800లో ముగిసింది, ఆ తర్వాత కార్న్‌వాల్ ఇంజనీర్లు అధిక పీడన ఆవిరి మీద పడ్డారు. తండ్రికి తెలియకుండా జెరెమీ దాని వెంట పడటం, అర్థం చేసుకోలేని తండ్రీ, చెప్పుకోలేని కొడుకూ, ఈ భాగం గ్రాహం మొదటి నవలల స్థాయిలోనే ఉంది. లేనిది స్టీఫెన్ కారింగ్టన్‌లో. సముద్రంలోంచి బతికి బయటపడ్డ ఈ అపరిచితుడికి రచయిత ఇచ్చినన్ని పేజీలు ఆ పాత్ర సంపాదించుకోలేదు. ‘మిల్లర్స్ డాన్స్’, ‘లవింగ్ కప్’లలో నడిచే దోపిడీ ఉదంతం కూడా సాగదీతే. ఈ రెంటినీ కలిపి మూడువందల పేజీలు తగ్గించినా ఏమీ పోయేది కాదు. అయినా దాటెయ్యకూడదు, ఎందుకంటే పదకొండోది ‘ది ట్విస్టెడ్ స్వోర్డ్’ 1815 వాటర్లూకి తీసుకెళ్తుంది, అక్కడ పడే దెబ్బకి బలం ఈ రెంటి నుంచే వస్తుంది.

పన్నెండోది ‘బెల్లా పోల్డార్క్’. తొంభై దాటిన వయసులో రాసిన నవల. గాయని కావాలనుకునే చిన్న కూతురు, స్త్రీలని చంపే ఒక అజ్ఞాత హంతకుడు, ఒక పెంపుడు కోతి కూడా. ఏది ఎందుకుందో అన్నిసార్లూ తెలియదు. పుస్తకం లావు, కూర్పు వదులు. ఎలిజబెత్ కొడుకు వాలంటైన్ కథ మాత్రం 1793 నాటి ఆ రాత్రి నుంచి వచ్చిన దారాన్ని చివరిదాకా లాగుతుంది, చదవాల్సింది దాని కోసం.

కొనేముందు మరి కొన్ని జాగ్రత్తలు. వంశవృక్షం ఎక్కడ కనబడినా చూడకండి, ముఖ్యంగా ఇంటర్నెట్‌లో. పేరు పక్కన రెండు తేదీలుంటే ఎవరు ఎప్పుడు పోతారో తెలిసిపోతుంది, ఈ సిరీస్‌లో చావులు అన్నీ ముఖ్యమైనవే. సొంతంగా గీసుకోవడం మేలు: ట్రెన్‌విత్‌లో ఉండే ఫ్రాన్సిస్ వాళ్లు ఒకవైపు, నంపారా వాళ్లు ఒకవైపు, కింద డెమెల్జా పుట్టింటి కార్న్ కుటుంబం, పక్కన వార్లెగ్గన్లు. ఒక పేజీ చాలు. అయిదోదాన్నుంచి పుస్తకాల వెనక అట్ట మీద రాసింది కూడా ముందు పుస్తకం ముగింపుని బయటపెట్టేస్తుంది, అట్ట తిప్పకుండా నేరుగా మొదటి పేజీకి వెళ్లండి. పాత కాపీలు వెతుకుతుంటే ఒక గమనిక: అమెరికాలో కొన్ని వేరే పేర్లతో వచ్చాయి. ‘ది రెనిగేడ్’ అంటే మొదటిది, ‘వెంచర్ వన్స్ మోర్’ మూడోది, ‘ది లాస్ట్ గ్యాంబుల్’ నాలుగోది. కొత్త నవలలనుకుని మళ్లీ కొనొద్దు. ఊళ్ల పేర్లలో ట్రూరో, రెడ్రూత్, బోడ్మిన్, ఫాల్మత్ పటంలో దొరుకుతాయి. నంపారా, సాల్, గ్రాంబ్లర్ దొరకవు. రచయిత ఏళ్ల తరబడి ఉన్న పెర్రన్‌పోర్త్ తీరాన్ని పటంలో పెట్టుకుంటే దూరాలు దాదాపు సరిపోతాయి.

టీవీ విషయానికొస్తే, బీబీసీ రెండుసార్లు తీసింది. 1975–77 నాటిది 29 ఎపిసోడ్లు, మొదటి ఏడు నవలల వరకు. 2015–19 నాటిది 43 ఎపిసోడ్లు. మొదటిదానిలో పెళ్లికి ముందే డెమెల్జా గర్భవతి అయినట్టు మార్చారు. నవలలో రాస్ ఆమెని పెళ్లాడటానికి అలాంటి బలవంతమేదీ లేదు, ఆ తేడా చిన్నది కాదు. రెండోదానిలో సంభాషణలు చాలాచోట్ల పుస్తకంలోవే, కానీ 1793 రాత్రిని మెత్తబరిచారు. అలా చేసేసరికి తర్వాత జరిగేదాని బరువు తగ్గిపోయింది. ఏదైనా సరే, నాలుగు నవలలు అయ్యాకే చూడండి. కొత్తదాని అయిదో సీజన్ నవలల్లో లేని కథ, ఏడుకీ ఎనిమిదికీ మధ్యనున్న ఖాళీని నింపడానికి అల్లింది. ఎనిమిదో పుస్తకం చదవబోతుంటే దాన్ని పక్కన పెట్టండి. లేకపోతే ‘స్ట్రేంజర్ ఫ్రమ్ ది సీ’లో లేని సంఘటనల కోసం వెతుక్కుంటూ కూర్చుంటారు.